కుండీలో మట్టి ఆరనివ్వండి
(ఉప్పల్, నాచారం బస్తీల మహిళల కోసం ఇచ్చిన ఉపన్యాసం)



ఉప్పల్, నాచారం బస్తీల్లో ఇళ్లు ఒకదాన్ని ఒకటి ఆనుకొని ఉంటాయి. పెరడు ఉండదు. వాకిలి ఉంటే నాలుగు అడుగులు. అయినా మొక్క లేని ఇల్లు తక్కువ. కిటికీ దగ్గర మనీ ప్లాంట్. మెట్ల పక్కన తులసి. సజ్జా మీద కలబంద. పాత పెయింటు డబ్బాలో కరివేపాకు.

కానీ చాలా ఇళ్లలో ఒకటే కథ. కొత్త మొక్క నెల రోజులు కళకళలాడుతుంది. తర్వాత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. కాడలు మెత్తబడతాయి. కుండీ కదిలిస్తే మట్టి మీంచి చిన్న చిన్న నల్ల ఈగలు లేస్తాయి. మొక్క వాడింది కదా అని ఇంకో చెంబు నీళ్లు పోస్తారు. అది ఇంకా వాడుతుంది. ఎవరో చెబితే పురుగు మందు కొని తెచ్చి వేస్తారు. మొక్క పోతుంది. విషం మాత్రం ఇంట్లో మిగిలిపోతుంది.

ఇందులో మొక్క తప్పు లేదు. పురుగు తప్పు కూడా తక్కువే. అసలు చిక్కు నీళ్లతో వచ్చింది. పురుగుకు మందు వెతికే ముందు నీళ్లకు కొలత చూసుకోవాలి. ఈ రోజు మాటంతా దాని గురించే.

వేరు కూడా గాలి పీలుస్తుంది

మొక్క ఆకులతో గాలి పీలుస్తుందని చాలామందికి తెలుసు. వేళ్లు కూడా గాలి పీలుస్తాయి. ఈ సంగతి కొందరికే తెలుసు.

పిడికెడు మట్టి తీసుకోండి. అందులో మట్టి రేణువుల మధ్య సన్నని సందులు ఉంటాయి. ఆ సందుల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. వేరు నీరు తాగుతుంది. గాలి పీలుస్తుంది. రెండూ ఉంటేనే బతుకుతుంది.

రోజూ చెంబు చెంబు పోస్తే ఏమవుతుంది? సందులన్నీ నీళ్లతో నిండుతాయి. గాలి బయటికి పోతుంది. వేరుకు ఊపిరి ఆడదు. మెల్లగా నల్లబడుతుంది. కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీరు పైకి పంపలేదు. అందుకే చుట్టూ నీళ్లున్నా ఆకు దాహంతో వాలిపోతుంది. చూసినవాళ్లు నీళ్లు చాలలేదనుకుంటారు. మళ్లీ పోస్తారు.

“మరి వరి నీళ్లలోనే నిలబడుతుంది కదా?” అని ఊళ్లో నాట్లు వేసిన అక్కలు అడగవచ్చు. మంచి ప్రశ్న. వరి కాడలో, వేళ్లలో సన్నని గాలి దారులు ఉంటాయి. పైనున్న గాలి ఆ దారుల్లోంచి వేళ్లకు దిగుతుంది. అందుకే వరి మునిగినా బతుకుతుంది. ఉప్పల్ దగ్గర మూసీ ఒడ్డున ఏళ్ల తరబడి పశువుల గడ్డి పెంచారు. ఆ గడ్డి కూడా తడి నేలకు అలవాటు పడినదే. తులసికి, కలబందకు, కరివేపాకుకు ఆ అలవాటు లేదు.

“సీసా నీళ్లలో మనీ ప్లాంట్ పెరుగుతుంది కదా?” అని ఇంకొకరు అడగవచ్చు. అదీ నిజమే. సీసాలో పుట్టిన వేరు నీళ్లకు తగ్గట్టే పుడుతుంది. వారానికోసారి నీళ్లు మారిస్తే దానికి కొత్త గాలి అందుతుంది. కుండీలో బురద నీళ్లు అలా కాదు. అందులో గాలి ఉండదు. కుళ్లబెట్టే బూజు మాత్రం ఉంటుంది.

నీళ్లు ఎందుకు ఎక్కువవుతాయి?

నగరానికి నీళ్లు మంజీర, కృష్ణ, గోదావరి నుంచి పైపుల్లో వస్తాయి. కృష్ణ, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వస్తాయి. చాలా బస్తీల్లో నల్లా రోజూ రాదు. నల్లా వచ్చే రోజు బిందెలు, డ్రమ్ములు ఖాళీ చేయాలి. పాత నీళ్లు పారబోయడానికి మనసొప్పదు. అవి కుండీల్లోకి పోతాయి. మొక్కకు అవసరమా కాదా అని ఎవరూ చూడరు. ఇది దుబారా కాదు, పొదుపే అనుకుంటారు. కానీ ఆ పొదుపు మొక్క ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిన నీళ్లతో వాకిలి కడగండి. మరుగుదొడ్డిలో పోయండి. కుండీకి మాత్రం దాని వంతే పోయండి.

రెండో కారణం డబ్బా. పెయింటు డబ్బాకు, ప్లాస్టిక్ బకెట్‌కు చాలాసార్లు అడుగున చిల్లు ఉండదు. కొందరు చిల్లు పెట్టకుండా అడుగున రాళ్లు వేస్తారు. రాళ్లు వేసినా దారి లేకపోతే నీళ్లు ఎటు పోతాయి? వేలు దూరేంత చిల్లులు మూడు నాలుగు ఉండాలి. మట్టి జారకుండా వాటి మీద పెంకు ముక్క బోర్లా పెట్టాలి. మట్టి కుండీ అయితే ఇంకా మేలు. దాని గోడల్లోంచి కూడా చెమ్మ ఆరుతుంది.

మూడో కారణం మట్టి. చెరువు దగ్గర తవ్విన నల్ల జిగట మట్టి నీళ్లను పట్టుకుని వదలదు. సంచిలో కొనే కొబ్బరి పొట్టు కూడా చాలా నీరు దాచుకుంటుంది. పైన ఎండినట్టు కనిపిస్తుంది. లోపల తడిగానే ఉంటుంది. ఒక తట్ట ఎర్రమట్టి, ఒక తట్ట ఇసుక, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. ఇంటి మొక్కలకు ఇది సరిపోతుంది. కలబందకు ఇసుక ఇంకొంచెం ఎక్కువ వేయండి.

నాలుగో కారణం వంటిల్లు. పాలగిన్నె కడిగిన నీళ్లు, బియ్యం కడుగు, వాడిన చాయ్ పత్తి కుండీలో వేస్తారు. మొక్కకు బలం అనుకుంటారు. పొలంలో అయితే ఎండ, వానపాములు, సూక్ష్మజీవులు వాటిని త్వరగా అరిగిస్తాయి. గదిలోని చిన్న కుండీలో అవి పులుస్తాయి. బూజు పడుతుంది. ఆ బూజు పురుగులకు విందు భోజనం.

ఎండిందా? మునిగిందా?

ఆకు వాలితే వెంటనే చెంబు అందుకోకండి. ముందు మూడు పనులు చేయండి.

మొదటి పని. చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దించండి. తడి తగిలితే నీళ్లు వద్దు. పొడిగా ఉంటే పోయండి.

రెండో పని. కుండీ ఎత్తి చూడండి. తడి కుండీ బరువుగా ఉంటుంది. ఎండిన కుండీ తేలికగా వస్తుంది. నాలుగు రోజులు ఎత్తి చూస్తే చేతికే తెలిసిపోతుంది.

మూడో పని. వాసన చూడండి. మంచి మట్టి తొలకరి వాసన వేస్తుంది. కుళ్లిన మట్టి మురుగు కంపు కొడుతుంది.

దాహంతో ఉన్న మొక్క ఆకు గరుకుగా, పొడిగా ఉంటుంది. నీళ్లు పోస్తే చాలాసార్లు సాయంత్రానికే లేస్తుంది. మునిగిన మొక్క ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. మెత్తగా ఉంటుంది. కాడ మొదట్లో నల్లబడుతుంది. నీళ్లు పోస్తే ఇంకా దిగజారుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. మే నెల ఎండకు వాకిట్లో తులసి రోజూ నీళ్లు అడుగుతుంది. అదే తులసికి వానాకాలంలో వారంలో ఒకటి రెండుసార్లు చాలవచ్చు. గదిలో ఎండ తగలని మొక్కకు ఇంకా తక్కువ కావాలి. చలికాలంలో మొక్క మెల్లగా తాగుతుంది. ఏడాది పొడవునా ఒకే లెక్క పనికిరాదు.

మట్టిలో ఎవరెవరు ఉంటారు?

మట్టిలో కనిపించే ప్రతి పురుగూ శత్రువు కాదు. మనిషిని గుర్తుపట్టినట్టే పురుగును కూడా గుర్తుపట్టాలి.

వానపాము మేలు చేస్తుంది. దాన్ని చంపకండి. రోకలిబండ కుళ్లిన ఆకులు తింటుంది. అది వచ్చిందంటే కుండీలో చెమ్మ, చెత్త ఎక్కువగా ఉన్నాయని అర్థం. నీళ్లు పోయగానే పిసరంత తెల్ల పురుగులు గెంతుతాయి. అవి మొక్కకు పెద్దగా హాని చేయవు. మట్టి ఆరితే అవే తగ్గుతాయి.

చిన్న నల్ల ఈగలను కొందరు నుసుములు అంటారు. ఇవి కుట్టవు. కానీ తడి మట్టి పైపొరలో గుడ్లు పెడతాయి. ఒక్కో ఈగ వంద గుడ్ల దాకా పెట్టగలదు. గుడ్డులోంచి తెల్లని సన్నని పురుగు వస్తుంది. దాని తల నల్లగా ఉంటుంది. అది బూజు తింటుంది. బూజు చాలకపోతే లేత వేళ్లు కొరుకుతుంది. గుడ్డు నుంచి ఈగ అయ్యి, ఆ ఈగ చచ్చేదాకా సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది.

వేరు మీద దూది అంటినట్టు తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. ఇది వేరు రసం పీలుస్తుంది. దీనికి చీమలు తోడు వస్తాయి. కుండీ చుట్టూ చీమల బారు కడితే ఒకసారి వేరు చూడాలి.

లావుగా, తెల్లగా, కొడవలిలా వంగిన పురుగు కనిపిస్తే అది వేరు పురుగు. ఇది ఎక్కువగా మాగని పేడతో వస్తుంది. చేత్తో ఏరి పారేయాలి. పచ్చి పేడ కుండీలో వేయకూడదు.

కొత్త మొక్కతో కూడా పురుగులు రావచ్చు. తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల మొక్కలు లారీలెక్కి దూర దూరాలకు వెళతాయి. మొక్క ఎంత బాగున్నా దాని మట్టిలో గుడ్లు ఉండవచ్చు. అందుకే ఎక్కడ కొన్నా కొత్త మొక్కను రెండు వారాలు విడిగా పెట్టండి. ఆ తర్వాతే మిగతా వాటి పక్కన చేర్చండి.

ఈగలు పోవాలంటే

పచ్చి ఆలుగడ్డ ముక్క కోసి మట్టి మీద పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత ఎత్తి చూడండి. కింద నల్ల తల తెల్ల పురుగులు ఉంటే ఈగలు గుడ్లు పెట్టాయని తెలుస్తుంది. ఆ ముక్కను పురుగులతో సహా పారేయండి. మళ్లీ కొత్త ముక్క పెట్టండి.

పసుపు రంగు అట్ట ముక్కకు ఆముదం పూసి కుండీలో గుచ్చండి. ఈగలు పసుపు రంగుకు వస్తాయి. అతుక్కుపోతాయి.

అన్నిటికన్నా పెద్ద మందు ఆరబెట్టడం. పైన రెండు అంగుళాల మట్టి పూర్తిగా ఆరేదాకా నీళ్లు పోయకండి. పొడి మట్టిలో గుడ్లు, పిల్ల పురుగులు బతకలేవు. రాలిన ఆకులు, చాయ్ పత్తి తీసేయండి. పిడికెడు వేప పిండి మట్టిలో కలపండి. పైన చల్లి వదిలేస్తే దానికే బూజు పడుతుంది. లోపలికి కలపాలి.

వారంలో ఈగలు తగ్గుతాయి. అంతలోనే ఆపకండి. లోపల ఇంకా గుడ్లు ఉంటాయి. నాలుగు వారాలు ఓపిక పట్టాలి.

విషం గుళికలు ఇంట్లోకి వద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కుండీలో పురుగు కనిపిస్తే కొందరు పొలం గుళికలు తెచ్చి వేస్తారు. పొట్లంలో కట్టిన గుళికల మీద పేరు ఉండదు. విషమనే గుర్తు ఉండదు. నేల మీద పాకే బిడ్డకు అవి ఆవగింజల్లాగో, మిఠాయి పలుకుల్లాగో కనిపిస్తాయి.

ఫోరేట్ అనే గుళికల మందును దేశంలో నిషేధించాలని కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. 2020 డిసెంబరు 31 నుంచి దాన్ని అమ్మకూడదు, వాడకూడదు. కార్బోఫ్యూరాన్ గుళికలు కూడా పొలం కోసం తయారైనవే. ఇంట్లో కుండీ కోసం కాదు. ఈ మందులు వేరు గుండా ఆకుల్లోకి ఎక్కుతాయి. ఆ తులసి ఆకే దగ్గుకు కషాయం కాస్తారు. ఆ కరివేపాకే చారులో వేస్తారు. అప్పుడు విషం ఎవరి కడుపులోకి పోయినట్టు?

పురుగు మందు డబ్బా మీద పతంగి ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అంటే అతి తీవ్రమైన విషం. పసుపు అంటే తీవ్రమైన విషం. నీలం అంటే ఒక మోస్తరు విషం. ఆకుపచ్చ అంటే కొద్దిపాటి విషం. ఆకుపచ్చ చూసి మంచిదనుకోకండి. అదీ విషమే. ఎరుపు, పసుపు గుర్తులున్న మందు గడప దాటి లోపలికి రానివ్వకండి. పేరు లేని పొట్లం అసలు కొనకండి.

పొరపాటున ఎవరైనా మింగితే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. మందు ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. ఏ విషమో తెలిస్తే డాక్టరుకు వైద్యం తేలికవుతుంది.

మందు లేకుండా పంటే పండదని ఒకప్పుడు రైతులు కూడా అనుకున్నారు. పాత ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరుంది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అక్కడ పత్తి చేలకు మందులు కొట్టి రైతులు అప్పులపాలయ్యారు. జబ్బు పడ్డారు. మహిళా సంఘాలు ముందుకు వచ్చాయి. వేప కషాయంలాంటి పద్ధతులు పట్టాయి. 2000 తర్వాత కొద్ది ఏళ్లలోనే ఊరు ఊరంతా రసాయన మందులు మానేసింది. పత్తి చేనుకే అక్కరలేని విషం గుప్పెడు మట్టికి ఎందుకు?

పళ్లెంలో నీళ్లు చూడండి

కుండీ కింద పళ్లెం పెడతారు. అందులో నీళ్లు నిలుస్తాయి. అవి మళ్లీ వేరును కుళ్లబెడతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. డెంగీ దోమ అలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. దాని కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. పగటిపూట కుడుతుంది.

దోమకు, జబ్బుకు ఉన్న సంబంధం ఈ నగరానికి కొత్త కాదు. 1897లో సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియా దోమ వేరు, డెంగీ దోమ వేరు. రెండూ నీళ్లలోనే పుడతాయి.

డెంగీ దోమ గుడ్లు పళ్లెం అంచుకు అంటుకుంటాయి. నీళ్లు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు. వారానికి ఒక రోజు పళ్లేన్ని పీచుతో రుద్ది కడగాలి. మనీ ప్లాంట్ సీసా నీళ్లు కూడా ఆ రోజే మార్చాలి.

మునిగిన మొక్కను కాపాడాలంటే

వేరు మొత్తం కుళ్లకపోతే మొక్క బతుకుతుంది. ముందు నీళ్లు ఆపండి. మొక్కను మట్టితో సహా మెల్లగా బయటికి తీయండి. తెల్లగా, గట్టిగా ఉన్నది మంచి వేరు. నల్లగా, మెత్తగా ఉన్నది కుళ్లిన వేరు. కుళ్లిన దాన్ని శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి. పిండినల్లి ఉంటే నల్లా ధార కింద వేరు కడగండి. నీడలో పాత పేపరు మీద కొద్దిసేపు ఆరనివ్వండి. కొత్త పొడి మట్టిలో నాటండి. కొంచెమే నీళ్లు పోయండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకండి. జబ్బు మనిషికి విందు భోజనం పెట్టరు కదా! తీసిన పాత మట్టిని వేరే కుండీలో వేయకండి.

గోడ మీద ఒక కాగితం

మీలో చాలామంది అపార్టుమెంట్లలో పనికి వెళతారు. గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, మొక్కలకు నీళ్లు పోస్తారు. మొక్క వాడితే ఎవరిని అంటారు? “నీళ్లు సరిగ్గా పోయలేదు” అని పనిచేసే ఆమెనే అంటారు. ఆ మాట పడలేక మర్నాడు రెండు చెంబులు పోస్తుంది. అమ్మగారు పొద్దున పోసిన సంగతి ఈమెకు తెలియదు. ఈమె పోసిన సంగతి ఆమెకు తెలియదు. మొక్క ఇద్దరి చేతుల్లో మునిగిపోతుంది. నింద మాత్రం ఒకరికే పడుతుంది.

దీనికి మందు మీ చేతిలోనే ఉంది. అది పెన్సిలు. ఒక కాగితం మీద గళ్లు గీయండి. ఒక గడిలో మొక్క పేరు రాయండి. పక్క గడిలో నీళ్లు పోసిన తేదీ రాయండి. ఇంకో గడిలో మట్టి “తడి” అనో, “పొడి” అనో రాయండి. గోడకు అంటించండి. ఎవరు నీళ్లు పోసినా రాయాలని చెప్పండి. నెల తిరిగేసరికి ఏ మొక్కకు ఎన్ని రోజులకు నీళ్లు కావాలో కాగితమే చెబుతుంది. ఎవరైనా మాట అంటే కాగితం చూపించవచ్చు. నోటి మాట మరిచిపోతారు. రాసిన మాట నిలబడుతుంది.

మొక్కల సంగతి ఇంకా తెలుసుకోవాలంటే కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. నంబరు 1800-180-1551. డబ్బులు పడవు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

గుర్తు పెట్టుకోండి

1. వేరుకు నీరు కావాలి. గాలి కూడా కావాలి.
2. వేలు దించి చూశాకే నీళ్లు పోయాలి.
3. కుండీకి అడుగున చిల్లులు ఉండాలి.
4. చాయ్ పత్తి, పాలగిన్నె నీళ్లు కుండీలో వేయకూడదు.
5. ఈగలు వస్తే మట్టి ఆరబెట్టాలి. నాలుగు వారాలు ఓపిక పట్టాలి.
6. విషం గుళికలు ఇంట్లోకి తేకూడదు.
7. పళ్లేన్ని వారానికోసారి రుద్ది కడగాలి.
8. నీళ్లు పోసిన తేదీ రాసిపెట్టుకోవాలి.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే చెంబు పక్కన పెట్టండి. ముందు కుండీలో వేలు దించండి. మట్టి ఏం చెబుతుందో వినండి.